పిప్పి పన్నుకు తొలి రంగు తెలుపే

నొప్పి వచ్చేసరికే ఆలస్యం.. ముందే గుర్తిస్తే పన్ను దక్కుతుంది

అమలాపురం: పన్ను పోటుతో బుగ్గకు చెయ్యి ఆనించుకుని వైద్యుని గది ముందు కూర్చునే వారిలో చాలామంది చెప్పేది ఒక్కటే. నిన్నటి వరకు ఏ బాధా లేదని, రాత్రే హఠాత్తుగా మొదలైందని. నిజానికి హఠాత్తుగా మొదలైనది నొప్పి మాత్రమే. పన్ను పాడవడం అంతకు ఏడాది, రెండేళ్ల ముందే ఆరంభమై ఉంటుంది. ఆ కాలమంతా అది తన ఆనవాళ్లను చూపుతూనే ఉంటుంది. ఆ ఆనవాళ్లు ఎలా ఉంటాయో తెలియక అవి ఎవరి కంటా పడవు.

పుప్పి పన్ను, పిప్పి పన్ను, పుచ్చు పన్ను అని ఊరికో తీరుగా పిలిచే ఈ జబ్బును వైద్యులు దంతక్షయం అంటారు. భారత దంత వైద్య మండలి 2002-03లో జరిపించిన జాతీయ సర్వేలో అయిదేళ్ల పిల్లల్లో 51.9 శాతం మందికి, 12 ఏళ్ల వారిలో 53.8 శాతం మందికి, 15 ఏళ్ల వారిలో 63.1 శాతం మందికి ఇది ఉన్నట్లు తేలింది. 35 నుంచి 44 ఏళ్ల మధ్య వారిలో ఆ సంఖ్య 80.2 శాతం. అంటే బడికి వెళ్లే పిల్లల్లో సగం మంది నోట్లో, వారిని బడికి పంపే పెద్దల్లో అయిదుగురిలో నలుగురి నోట్లో ఈ జబ్బు ఉందన్నమాట. శాశ్వత దంతాల్లో పుచ్చు ఉన్నవారు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 200 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో పేర్కొంది.

తొలి దశలో గుర్తిస్తే ఒక్కసారి వెళ్లి గుంట పూడిపించుకుంటే సరిపోతుంది. ఇంకా ముందే చూస్తే డ్రిల్లు కూడా అక్కరలేదు. ఆలస్యమైతే రూట్ కెనాల్, పైన తొడుగు, నాలుగైదు సార్లు పట్టణానికి ప్రయాణం. అంబాజీపేటలో కొబ్బరి ఒలిచే కార్మికునికో, కాట్రేనికోన తీరంలో వలకు వెళ్లేవారికో ఒక్కో ప్రయాణానికి ఒక్కో రోజు కూలి పోతుంది. అందుకే చివరకు ఎక్కువ మంది పన్ను పీకించుకుని ఇంటికి వస్తున్నారు.

పురుగు లేదు.. ఉన్నది ఆమ్లమే

పంటిలో పురుగు చేరి తొలుస్తుందన్న నమ్మకం మనకే పరిమితం కాదు. ప్రపంచమంతటా వేల ఏళ్లపాటు అలాగే నమ్మారు. ఫ్రాన్సు దంత వైద్యుడు పియరీ ఫోషార్ 1728లో తన గ్రంథంలో ఆ వాదాన్ని తోసిపుచ్చాడు. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ డబ్ల్యూ.డి.మిల్లర్ 1890లో అసలు కారణాన్ని వివరించాడు. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెర, పిండి పదార్థాలను పులియబెట్టి ఆమ్లాన్ని తయారు చేస్తాయి, ఆ ఆమ్లం పంటిలోని ఖనిజాన్ని కరిగిస్తుంది అన్నది ఆయన చెప్పిన సారాంశం. ఆ సూక్ష్మజీవుల్లో ముఖ్యమైన స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్‌ను 1924లో ఇంగ్లండులో క్లార్క్ గుర్తించాడు.

అయినా పల్లెల్లో నేటికీ వాకుడు గింజలను నిప్పుల మీద వేసి, ఆ పొగను నోట్లోకి పట్టించి పురుగు రాలిందని చూపేవారు కనిపిస్తారు. వేడికి గింజ పగిలినప్పుడు లోపలి తెల్లటి మొలక వంకర తిరిగి బయటపడుతుంది. చూసేవారికి అదే పురుగు. పొగ వేడికి కాసేపు నొప్పి మందగించినా పంటిలోని గుంట అలాగే ఉంటుంది.

పంటి పైపొర అయిన ఎనామిల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అయితే దానిలో జీవకణాలు ఉండవు. ఎముక విరిగితే అతుక్కుంటుంది గానీ ఎనామిల్‌కు గుంట పడితే తనంతట తాను పూడదు. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పంటిపై ఉన్న పాచిలో ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లతను కొలిచే పీహెచ్ 5.5 కంటే దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం అరగంట నుంచి గంటలో ఆమ్లాన్ని తగ్గించి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేర్చుతుంది. కరగడానికీ, చేరడానికీ మధ్య రోజూ సాగే ఈ పెనుగులాటలో కరగడమే గెలుస్తూ పోతే పన్ను పుచ్చుతుంది.

సుద్దముక్క వంటి తెల్ల మచ్చ

పుచ్చు అనగానే నల్లటి గుంట గుర్తుకు వస్తుంది. తొలి గుర్తు మాత్రం తెలుపు. ఖనిజం పోయినచోట ఎనామిల్ మెరుపు తగ్గి, సుద్దముక్కతో గీసినట్లు మసకబారిన తెల్ల మచ్చ పడుతుంది. ఇది ఎక్కువగా చిగురును ఆనుకుని, పంటి మొదట్లో సన్నని గీతలా ఏర్పడుతుంది. తడిగా ఉన్నప్పుడు తెలియదు. పంటిని శుభ్రమైన గుడ్డతో తుడిచి ఆరనిస్తే బయటపడుతుంది. పాచి పేరుకున్న చోటే ఈ మచ్చ ఉంటుంది కనుక, ముందు పాచిని శుభ్రం చేసి చూడాలి.

ఈ దశలో నొప్పి ఉండదు. జివ్వుమనడమూ ఉండదు. అయితే దంతక్షయంలో వెనక్కు మళ్లించడానికి వీలున్న దశ ఇదొక్కటే. తీపిని తగ్గించి, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకుంటే, అవసరమైతే వైద్యుడు ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తే, ఆ మచ్చలోకి ఖనిజం తిరిగి చేరి గట్టిపడుతుంది. మచ్చ పూర్తిగా మాయం కాకపోవచ్చు. దాని మెరుపు తిరిగి వస్తే జబ్బు ఆగినట్లే.

పసిపిల్లల్లో దీనిని చూడటానికి తల్లులు చేయవలసింది చిన్న పని. బిడ్డ తల ఒడిలో పెట్టుకుని, పగటి వెలుతురులో పై పెదవిని వేలితో ఎత్తి, పై ముందు పళ్లు నాలుగింటి మొదళ్లను చూడాలి. పాల సీసా నోట్లో ఉండగానే నిద్రపోయే పిల్లల్లో, చక్కెర కలిపిన పాలు తాగే పిల్లల్లో పుచ్చు మొదలయ్యేది అక్కడే. కింది ముందు పళ్లను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం కడుగుతుంది. అందువల్ల అవి చాలాకాలం బాగానే ఉంటాయి. కింది పళ్లు తెల్లగా మెరుస్తుంటే చూసి తల్లి నిశ్చింతగా ఉంటుంది, పెదవి చాటున పై పళ్లు కరిగిపోతుంటాయి.

నలుపంతా పుచ్చు కాదు

తెల్ల మచ్చ దాటాక రంగు మారుతుంది. పసుపు, గోధుమ, నలుపు. దవడ పళ్లపై ఉండే గాడుల్లో నల్లటి గీతలు కనిపిస్తాయి. ఇక్కడే జనం రెండు రకాలుగా పొరబడుతున్నారు. గీత నల్లగా ఉంటే చాలు, పుచ్చిందని కంగారు పడేవారు కొందరు. అది రంగే కదా అని వదిలేసేవారు మరికొందరు. గాడిలో సన్నగా, గట్టిగా, ఏళ్ల తరబడి మారకుండా ఉన్న నల్ల గీత కేవలం మరక కావచ్చు, లేదా ఆగిపోయిన పుచ్చు కావచ్చు. మెత్తగా, తడిగా, లేత గోధుమ రంగులో ఉన్న గుంట చూపుకు అంత భయంకరంగా ఉండదు గానీ చురుగ్గా పెరుగుతున్న జబ్బు అదే. ఈ తేడాను తేల్చవలసింది వైద్యుడే. ఇంట్లో పిన్నీసుతో గుచ్చి చూస్తే బలహీనపడిన ఎనామిల్ విరిగి, మళ్లించదగిన మచ్చ గుంటగా మారే ప్రమాదం ఉంది.

పైకి గుంట లేకుండా పంటి లోపల నీడ పడినట్లు బూడిద రంగు కనిపించడం మరో ముఖ్య లక్షణం. ఎనామిల్ కింద ఉండే డెంటిన్ పొర మెత్తనిది. పుచ్చు అక్కడికి చేరాక పక్కలకు త్వరగా వ్యాపిస్తుంది. పైకప్పు నిలిచి ఉండగానే లోపల డొల్లవుతుంది. ఒకరోజు జంతిక కొరుకుతుండగా పన్ను విరిగిందని, జంతికదే తప్పని అనుకుంటారు.

పుచ్చు కానివి కూడా ఉన్నాయి. కింది ముందు పళ్ల వెనుక పసుపుగా, రాయిలా పేరుకునేది గార. అది చిగుళ్లకు చేటు చేస్తుంది, పుచ్చు మాత్రం కాదు. చుట్ట, బీడీ, గుట్కా, తాంబూలం మరకలు పంటిపై పరచుకుని ఉంటాయి, గుంట చేయవు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైన ప్రాంతాల్లో పెరిగిన వారికి తెల్లటి లేదా గోధుమ రంగు చారలు కుడి, ఎడమ పళ్లపై జతగా కనిపిస్తాయి. నల్గొండ, పొదిలి, దర్శి ప్రాంతాల నుంచి వచ్చినవారిలో ఇవి తరచుగా ఉంటాయి. పుచ్చు మచ్చ అలా జత చూసుకుని రాదు. ఇటుక పొడి, బొగ్గు, ఉప్పుతో గట్టిగా రుద్దేవారికి చిగురు దగ్గర పన్ను నొక్కు పడినట్లు అరుగుతుంది. చల్లని నీరు తగిలితే జివ్వుమంటుంది. అది అరుగుదలే, అయినా చికిత్స అవసరమే.

కంటికి కనిపించని చోటు పంటికీ పంటికీ మధ్య సందు. అక్కడి పుచ్చు ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఇంట్లో దానిని పట్టించే గుర్తు ఒకటుంది. ఇంతకుముందు ఇరుక్కోని చోట కొత్తగా ఆహారం ఇరుక్కోవడం. భోజనం కాగానే ప్రతిరోజూ ఒకే సందులోకి చీపురుపుల్ల వెళుతోందంటే అక్కడ గోడ కూలిందనే అర్థం. అదే చోటు నుంచి దుర్వాసన, నోటికి చేదు రుచి తగలడం కూడా అనుమానించదగినవే.

జివ్వుమనడం.. సలపడం.. ఊరుకోవడం

పుచ్చు డెంటిన్‌ను తాకాక పన్ను మాట్లాడటం మొదలుపెడుతుంది. ఆ మాటను సరిగా అర్థం చేసుకుంటే జబ్బు ఎంత లోతుకు వెళ్లిందో చాలావరకు తెలుసుకోవచ్చు. చల్లని నీరు, బెల్లం ముక్క తగలగానే జివ్వుమని, తీసివేయగానే క్షణాల్లో తగ్గిపోతే పంటి లోపలి గుజ్జు ఇంకా క్షేమంగా ఉన్నట్లే. గుంట పూడిస్తే పన్ను నిలుస్తుంది. కారణం తొలగిన తరువాత కూడా నిమిషాల తరబడి నొప్పి నిలిచినా, వేడి టీ తగిలితే పోటు వచ్చినా, ఏమీ తినకుండానే రాత్రి పడుకోగానే సలుపు మొదలైనా గుజ్జు వాచినట్లు. అప్పటికి రూట్ కెనాల్ తప్ప పన్నును నిలిపే మార్గం దాదాపు ఉండదు.

ఆ తరువాత వచ్చేదే అన్నిటికన్నా మోసకరమైన దశ. కొన్ని రోజులు విలవిలలాడించిన నొప్పి ఉన్నట్టుండి ఆగిపోతుంది. లవంగ నూనె పనిచేసిందని, మందుల దుకాణంలో తెచ్చుకున్న బిళ్లతో నయమైందని సంతోషిస్తారు. నిజానికి గుజ్జు చచ్చిపోయి, నొప్పిని తెలిపే నరం కూడా దానితోపాటు పోయింది. సూక్ష్మజీవులు వేరు కొస దాటి దవడ ఎముకలోకి దిగుతున్నాయి. వారాలకో, నెలలకో నమిలినప్పుడు పన్ను పైకి లేచినట్లు అనిపిస్తుంది. చిగురు మీద చిన్న చీము పొక్కు లేస్తుంది, చితుకుతుంది, మళ్లీ లేస్తుంది. ఆ పొక్కు బాధ పెట్టదు కనుక ఎవరూ పట్టించుకోరు.

లవంగ నూనె తాత్కాలికంగా నొప్పిని మొద్దుబారుస్తుంది, అంతకు మించి దాని వల్ల ఒరిగేది లేదు. ఆస్పిరిన్ బిళ్లను పంటి పక్కన అదిమి ఉంచితే చిగురు, బుగ్గ లోపలి పొర కాలి పుండు పడుతుంది. సున్నం కూరడం కూడా అంతే.

గల్ఫ్‌కు వెళ్లే ముందు వీసా, టికెట్టు, వైద్య పరీక్షల హడావుడిలో ఎవరికీ పన్ను గుర్తుకు రాదు. కువైట్, మస్కట్ ఇళ్లల్లో పనికి కుదిరిన మహిళలు నొప్పి వచ్చాక సెలవు అడగలేక, అక్కడి వైద్యం ఖర్చు భరించలేక నొప్పి బిళ్లలతో నెలలు గడపవలసి వస్తుంది. విమానం ఎక్కకముందే ఒకసారి నోరు చూపించుకోవడం వారికి ఎంతో మేలు.

ఆరో ఏట చెప్పకుండా వచ్చే పన్ను

పిల్లల విషయంలో పెద్దలకు తెలియని సంగతి ఒకటుంది. సుమారు ఆరో ఏట, ఏ పాలపన్నూ ఊడకుండానే, చివరి పాల దవడ పన్నుకు వెనుక కొత్తగా ఒక దవడ పన్ను మొలుస్తుంది. పైన రెండు, కింద రెండు. ఇవి శాశ్వత దంతాలు. ఊడితే మళ్లీ రావు. పన్ను ఊడలేదు కనుక ఇవీ పాలపళ్లేనని, పుచ్చితే పుచ్చనీ, ఎలాగూ ఊడేవేనని వదిలేస్తున్నారు. లోతైన గాడులు, బ్రష్షు అందని చోటు, తోముకోవడం సరిగా రాని వయసు కావడంతో అన్నిటికన్నా ముందుగా పుచ్చేవి ఇవే. మొలిచిన కొత్తలోనే గాడులను సీలెంట్ అనే పూతతో మూయించవచ్చు.

పాలపళ్లయినా వదిలేయదగినవి కావు. దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల వరకు ఉండవలసినవి. ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, రావలసిన పన్నుకు చోటు లేకుండా చేస్తాయి.

చిన్నపిల్లలు నొప్పిని నొప్పి అని చెప్పరు. అన్నం ముద్దను బుగ్గన పెట్టుకుని నమలకుండా కూర్చుంటారు. ఒకవైపే నములుతారు. ఇష్టమైన గట్టి తినుబండారాలను వద్దంటారు. రాత్రి లేచి ఏడుస్తారు. అన్నం తినడం లేదని దిష్టి తీసే ముందు ఒకసారి నోరు తెరిపించి చూడటం మంచిది. తల్లిదండ్రులు గల్ఫ్‌లో ఉండి అమ్మమ్మ, నాయనమ్మల వద్ద పెరిగే పిల్లలు కోనసీమలో చాలామంది. అక్కడి నుంచి పెట్టెల్లో వచ్చే చాక్లెట్లు ప్రేమతో పంపినవే, కానీ వాటిని రోజంతా చప్పరించనివ్వడం పళ్లకు పెద్ద పరీక్ష. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడుల్లో, అంగన్‌వాడీల్లో చేసే పరీక్షల జాబితాలో దంత సమస్యలు కూడా ఉన్నాయి. ఆ బృందం చీటీ రాసి ఇస్తే దానిని అటక మీద పెట్టకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

జీళ్లకూ పూతరేకుకూ తేడా ఉంది

తీపి మానమంటే కోనసీమలో ఎవరూ వినరు. ఆత్రేయపురం పూతరేకు, పెళ్లి సారెలోని సున్నుండలు, సంక్రాంతి అరిసెలు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలోనూ అంతర్వేది తీర్థంలోనూ కొనుక్కునే జీళ్లు, ఖర్జూరాలు.. ఇవన్నీ ఇక్కడి బతుకులో భాగం. మానవలసిన అవసరమూ లేదు. ఎంత తిన్నారన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నారు, అది పంటికి ఎంతసేపు అంటుకుని ఉంది అన్నవే ప్రధానం. స్వీడన్‌లోని విపెహోల్మ్ మానసిక చికిత్సాలయంలో 1940ల మధ్య నుంచి కొన్నేళ్లపాటు రోగులకు రకరకాలుగా తీపి తినిపించి ఈ సంగతి తేల్చారు. భోజనంతో పాటు తీపి తిన్నవారికి అంతగా నష్టం జరగలేదు. భోజనాల మధ్య పంటికి అంటుకునే టాఫీలు తిన్నవారి పళ్లు దారుణంగా పుచ్చాయి. నోరులేని రోగులపై చేసిన ఆ ప్రయోగాన్ని తరువాతి కాలంలో అందరూ తప్పుపట్టారు.

ఆ లెక్కన నోట్లో కరిగిపోయే పూతరేకు భోజనం చివర తింటే కలిగే హాని తక్కువ. గాడుల్లో అతుక్కుని గంటల తరబడి ఉండే జీడి హాని ఎక్కువ. తీపి టీ గంటకోసారి తాగేవారికి పంటిపై ఆమ్లం తగ్గే వ్యవధే దొరకదు.

వేపపుల్ల, పందుంపుల్ల చెడ్డవి కావు. పాచిని తీయగలవు. వాటిలో ఫ్లోరైడ్ ఉండదు, లోపలి దవడ పళ్ల గాడులకు అవి అందవు. పేస్టు ఎక్కువ వేస్తే ఎక్కువ మేలన్నది అపోహ. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత చాలు. తోముకున్నాక నురగను ఉమ్మివేయాలి గానీ నీటితో పదేపదే పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా కొట్టుకుపోతుంది. రాత్రి తోముకోవడం ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది.

వయసు మళ్లినవారిలో పుచ్చు వేరే చోట వస్తుంది. చిగురు దిగి బయటపడిన వేరుపై ఎనామిల్ ఉండదు కనుక అది త్వరగా కరుగుతుంది. చిగురు అంచున చుట్టూరా గోధుమ రంగు మెత్తదనం కనిపిస్తే అదే. మధుమేహం ఉన్నవారు, నోరు ఎండిపోయే మందులు వాడేవారు దీనిని గమనిస్తూ ఉండాలి.

వరద ముంచెత్తినప్పుడు

దవడ వాపును తేలికగా తీసుకోరాదు. వాపు కంటి కిందికో, గడ్డం కిందికో పాకినా, జ్వరం వచ్చినా, నోరు వేలెడు కూడా తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా అది మర్నాటికి వాయిదా వేయదగినది కాదు. కింది దవడ పంటి చీము నాలుక కింది భాగానికి, మెడకు వ్యాపించి శ్వాస మార్గాన్ని మూసివేసే స్థితిని లుడ్విగ్స్ ఆంజినా అంటారు. దానివల్ల గంటల్లో ప్రాణాపాయం రావచ్చు. పంటి వైద్యుని కోసం వెతకకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి, 108కి ఫోన్ చేయాలి.

2022 జులైలో ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంక గ్రామాల్లో పడవ తప్ప మరో దారి లేకపోయింది. అటువంటి రోజుల్లో పాత పుచ్చు పన్ను చీము పట్టితే పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. లంకల్లో ఉండేవారు వేసవిలోనే, ఏటిలో నీరు తక్కువగా ఉన్నప్పుడే పళ్లు చూపించుకోవడం తెలివైన పని. గుండె కవాటాల జబ్బు ఉన్నవారు, కృత్రిమ కవాటం అమర్చుకున్నవారు ఆ సంగతిని దంత వైద్యునికి ముందే చెప్పాలి. పంటి సూక్ష్మజీవులు రక్తంలో కలిస్తే గుండె లోపలి పొరకు సోకే అవకాశం ఉంది.

పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందన్న భయంతో వెనకాడేవారు ఇంకా ఉన్నారు. పంటికి, చూపునిచ్చే నరానికి సంబంధం లేదు. గర్భిణులకు పంటి వైద్యం చేయకూడదన్నది కూడా అపోహే. గర్భమని ముందుగా చెబితే తగిన జాగ్రత్తలతో చికిత్స చేస్తారు, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలం అనుకూలం.

అమలాపురంలో కిమ్స్ దంత వైద్య కళాశాల ఉంది. రాజమహేంద్రవరం సమీపంలో జీఎస్ఎల్, లెనోరా, భీమవరంలో విష్ణు దంత కళాశాలలు ఉన్నాయి. ఇటువంటి బోధనాసుపత్రుల్లో అధ్యాపకుల పర్యవేక్షణలో చికిత్స జరుగుతుంది. డ్రిల్లుకు భయపడే పిల్లలకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని పూసి పుచ్చును ఆపే పద్ధతి కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దానిని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. అది పూసినచోట పుచ్చు నల్లగా మారి గట్టిపడుతుంది. ఆ నలుపు చూసి మందు వికటించిందని కంగారు పడనక్కరలేదు, వైద్యుడు కోరుకునేది ఆ నలుపునే.